పాత గాజు సీసాల అలంకరణ: రంగు ఊడకుండా నిలవాలంటే ఎలా చేయాలి

విజయవాడ, గుంటూరు ప్రాంతాల ఇళ్లలో వంటగది అటక మీద కాఫీ పొడి సీసాలు, తేనె సీసాలు, జామ్ సీసాలు, దుకాణంలో కొన్న గోంగూర పచ్చడి సీసాలు వరుసగా కనబడతాయి. పారేయడానికి మనసొప్పక దాచినవే అవన్నీ. వాటికి రంగు వేసి, ముగ్గు దిద్ది, చీర అంచు చుట్టి హాలులో పెట్టుకోవచ్చునని చాలామందికి తెలుసు, ప్రయత్నించినవారూ ఎందరో ఉన్నారు. అయితే వేసిన రోజు కళకళలాడిన రంగు నెల తిరగకుండానే పెచ్చులుగా ఊడిపోవడంతో ఇది మన వల్ల అయ్యే పని కాదని చాలామంది వదిలేస్తారు. లోపం రంగుది కాదు, చేయి తిరగకపోవడం అంతకన్నా కాదు. చెక్క, మట్టి, గుడ్డ, కాగితం రంగును కొంత లోపలికి పీల్చుకుంటాయి. గాజుకు ఆ గుణం లేదు. దాని మీద వేసిన ప్రతి పూతా పైకి అంటుకుని ఉండవలసిందే. మధ్యలో వేలిముద్రంత జిడ్డు మిగిలినా ఆ చోట రంగు పాల మీద మీగడలా లేచి వస్తుంది. అందువల్ల ఈ పనిలో సగానికి పైగా శ్రద్ధ కుంచె పట్టక ముందే పెట్టాలి. ఇక్కడ కూడా ఆ భాగాన్నే ఎక్కువ వివరంగా చెబుతున్నాను.

సీసా దేనికో ముందుగా నిర్ణయించుకోండి

అలంకరించిన తర్వాత ఆ సీసాను దేనికి వాడుతారన్నది మొదటే తేల్చుకోండి. ఏ రంగు వాడాలి, ఎంత మేర వేయాలి, గుడ్డ అతికించవచ్చా లేదా అన్నవన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి.

పప్పులు, యాలకులు, ఎండుమిరపకాయలు వంటి పొడి సరుకులు పోసుకునేదైతే లోపలి వైపు ఏ రంగూ, ఏ జిగురూ తగలకూడదు. బయట కూడా మూతి నుంచి కనీసం ఒక అంగుళం కిందికి గాజును ఖాళీగా వదిలేయాలి, ఎందుకంటే మూత తిప్పేటప్పుడు అది బిగుసుకునే మర గాడుల దగ్గర రంగు రాలి సరుకులో పడుతుంది. రంగు డబ్బా మీద విషరహితమని రాసి ఉన్నంత మాత్రాన అది ఆహారానికి తగలవచ్చునని అర్థం కాదు. పిల్లలు చేతికి పూసుకున్నా హాని లేదనడం వేరు, నెలల తరబడి తినుబండారాన్ని ఆనుకుని ఉండవచ్చుననడం వేరు. ఉప్పు, పులుపు, నూనె ఉన్న పచ్చళ్లను అలంకరించిన సీసాల్లో పెట్టవద్దనే నా సలహా. నూనె ఒలికి సీసా వెంట జారితే ఎంత మంచి పూతైనా పాడవుతుంది, మాటిమాటికీ తోమవలసి వస్తే అసలే నిలవదు.

మొక్క పెట్టుకునేదైతే బయట గట్టి పూత వేయడమే మేలు. వెలుతురు నీటిలోకి సూటిగా పోకపోతే పాచి త్వరగా పట్టదు. దీపానికైతే పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. అక్కడ గుడ్డ, జనపనార, కాగితం పనికిరావు, వెలుగు బయటికి రావాలంటే పారదర్శకమైన గాజు రంగులే వాడాలి.

తర్వాత సీసాను పరీక్షించండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పుతూ చూస్తే జుట్టంత సన్నని బీట కూడా మెరుస్తూ కనబడుతుంది. మూతి అంచు మీద చూపుడు వేలిని మెల్లగా ఆనించి చుట్టూ పోనిస్తే రాలిన చోటు తెలుస్తుంది. ఇలాంటి సీసాలు ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. యాసిడ్, ఫినాయిల్ పోసిన సీసాలను కూడా వాడకండి. మన చుట్టూ పత్తి, మిరప సాగు చేసే కుటుంబాలు ఎక్కువ కాబట్టి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది: పురుగుమందు సీసాను ఎన్నిసార్లు కడిగినా ఇంట్లో ఏ పనికీ, ఆఖరికి అలంకారానికి కూడా వాడకూడదు.

మొదటిసారి చేసేవారు పక్కలు నిటారుగా ఉండి, మూతి వెడల్పుగా, చేయి లోపలికి దూరేంత ఉన్న సీసాను ఎంచుకోవడం మంచిది. గాజు మీద అక్షరాలు, గీతలు ఉబ్బెత్తుగా పోతపోసిన సీసాల మీద పని కష్టం.

లేబుల్, బంక, వాసన

గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే సబ్బు, రెండు చెంచాల బట్టల సోడా కలిపి సీసాను అరగంట నానబెట్టండి. మరిగే నీళ్లను చల్లటి సీసాలో ఒక్కసారిగా పోయకూడదు. అలాగే మే నెల ఎండలో డాబా మీద కాలిపోతున్న సీసా మీద చన్నీళ్లు చల్లకూడదు. గాజులో ఒక పొర ఒక్కసారిగా వ్యాకోచించి, పక్క పొర అలాగే ఉండిపోతే సీసా పగులుతుంది. కాగితపు లేబుల్ ఈ నానుడుకే వేలితో తోస్తే వచ్చేస్తుంది. ప్లాస్టిక్ పొర లేబుల్ నీటికి లొంగదు కాబట్టి దాన్ని జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో వేడిచేసి, ఒక మూల నుంచి మెల్లగా లాగాలి.

లేబుల్ పోయాక మిగిలే బంకే అసలు శత్రువు. వంటసోడా, కొబ్బరినూనె సమపాళ్లలో ముద్దగా కలిపి బంక మీద మందంగా పట్టించి అరగంట వదిలేయండి. నూనె బంకను మెత్తబరుస్తుంది, సోడా పలుకు దాన్ని ఒరుసుకుని తీసుకువస్తుంది. తర్వాత గిన్నెలు తోమే పీచుతో గుండ్రంగా రుద్దితే చిన్న చిన్న ఉండలుగా రాలిపోతుంది. అప్పటికీ వదలని బంకను దూదికి కిరోసిన్ గానీ, గోళ్ల రంగు తుడిచే ద్రావకం గానీ అద్ది తుడవవచ్చు, కానీ కిటికీ తీసి ఉంచి, పొయ్యికి దూరంగా చేయాలి. చాలామంది ఇక్కడితో శుభ్రమైపోయిందనుకుంటారు. నిజానికి బంక పోయి దాని స్థానంలో నూనె వచ్చి చేరింది. అందుకే సబ్బుతో మళ్లీ రెండుసార్లు కడగాలి. కడిగిన సీసా మీద నీళ్లు పోసి చూడండి. నీరు పలుచని పొరలా అంతటా పరచుకుంటే జిడ్డు పోయినట్టు, ముత్యాల్లా విడిపోయి నిలబడితే జిడ్డు ఇంకా ఉన్నట్టు.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో మరో ఇబ్బంది ఉంది. సీసా ఆరాక తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి, వాటి మీద వేసిన పూత ఉప్పుతో పాటే పొడిపొడిగా రాలుతుంది. కడపటిసారి కడిగేటప్పుడు మంచినీళ్లు వాడి, వెంటనే నూలు గుడ్డతో తుడిచేయండి. పాత మచ్చలుంటే వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ తడిపిన గుడ్డను పది నిమిషాలు చుట్టి ఉంచితే కరుగుతాయి.

ఆవకాయ, గోంగూర వాసన పోవడం లేదని సీసాలను పారేసేవారున్నారు. గాజు వాసనను పట్టి ఉంచుకోదు. వాసనంతా మూత లోపల ఉండే రబ్బరు వంటి మెత్తటి పొరలో దాగి ఉంటుంది. మూతను విడిగా వెనిగర్ కలిపిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు వంటసోడాతో రుద్ది, బోర్లించకుండా వెల్లకిలా ఎండలో ఉంచండి. రెండు మూడు ఎండలకు చాలా మటుకు పోతుంది. లోపలి వైపు తుప్పు కనిపిస్తే ఆ మూతను సరుకుల సీసాకు వాడవద్దు.

చివరగా, మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌ను దూదికి అద్ది బయటి వైపంతా తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ జెల్ దీనికి బదులు కాదు, చర్మం ఎండిపోకుండా అందులో కలిపే గ్లిజరిన్ వంటివి గాజు మీద పొరగా మిగిలిపోతాయి. స్పిరిట్‌తో తుడిచిన తర్వాత బయటి గాజును చేత్తో తాకకూడదు. ఎడమ చేతి పిడికిలిని సీసా లోపల దూర్చి పట్టుకోండి. మూతి ఇరుకైతే చపాతీ కర్రకు గుడ్డ చుట్టి లోపల బిగించి దాన్నే పిడిగా వాడుకోండి.

తొలి పూత

విజయవాడకు చేరువలోని కొండపల్లిలో బొమ్మలు చేసేవారు తెల్ల పొణికి చెక్కను చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టుతో చేసిన మక్కుతో ముక్కలను అతికి, దాని మీద తెల్ల సుద్ద పూత వేశాకే రంగులకు దిగుతారు. రంగును బాగా పట్టే మెత్తటి చెక్కకే అంత ఏర్పాటు అవసరమైనప్పుడు, ఏ రంగునూ పట్టని గాజుకు ఎంత అవసరమో ఆలోచించండి. తెల్ల పూతకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. గాజు వెనుక నుంచి వెలుతురు చొరబడి రంగును పలుచన చేస్తుంది. కింద తెలుపు ఉంటే ఎరుపు ఎరుపుగానే, పసుపు పసుపుగానే కనబడతాయి.

సీసా మొత్తాన్ని రంగుతో కప్పేయాలనుకుంటే, స్పిరిట్‌తో తుడవక ముందే 220 నంబరు ఉప్పు కాగితాన్ని నీటితో తడిపి, తేలికగా గుండ్రంగా రుద్దండి. మెరుపు తగ్గి కొద్దిగా పొగచూరినట్టు కనిపిస్తే చాలు, పూతకు పట్టు దొరుకుతుంది. పొడిగా రుద్దకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పారదర్శకంగా వదిలే చోట రుద్దకూడదు, ఆ గీతలు మళ్లీ పోవు. రుద్దాక కడిగి, ఆరబెట్టి, అప్పుడు స్పిరిట్‌తో తుడవాలి.

తొలి పూతకు కళాసామగ్రి దుకాణాల్లో జెస్సో అనే పేరుతో దొరికే తెల్లటి అక్రిలిక్ ప్రైమర్ మంచిది. గాజు, లోహం, చెక్క అన్నిటికీ పనికివస్తుందని డబ్బా మీద రాసి ఉన్న తెల్ల అక్రిలిక్ రంగు కూడా సరిపోతుంది. విజయవాడలో బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల, వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ పరిసరాల్లో, గుంటూరులో పట్నంబజారు, బ్రాడీపేట ప్రాంతాల్లో ఈ సామగ్రికి వెతకవచ్చు. ఏమీ దొరకనప్పుడు ఫెవికాల్‌లో మూడో వంతు నీళ్లు కలిపి పలుచగా పూసి, అది ఆరాక రంగు వేసే పద్ధతి ఒకటి ఇళ్లలో వాడుకలో ఉంది. షోకేసులో పెట్టే సీసాకు అది చాలు. మామూలు తెల్ల ఫెవికాల్ తేమకు మెత్తబడుతుంది కాబట్టి మొక్కకూ, వంటగదికీ పనికిరాదు.

కుంచె కన్నా స్పాంజి ముక్కను నేను ఎక్కువగా నమ్ముతాను. గాజు మీద కుంచె జారి చారలు మిగులుస్తుంది. ఒకసారి గీసిన చోట మళ్లీ గీస్తే కింది తడి పూతను ఎత్తుకు వస్తుంది. గిన్నెల స్పాంజిని రెండు అంగుళాల ముక్కగా కోసి, పళ్లెంలో పలుచగా పరచిన రంగులో అద్ది, ఎక్కువైన రంగును కాగితం మీద ఒత్తి తీసేసి, సీసా మీద రుద్దకుండా అద్దుతూ పోండి. మొదటి పూత చూడటానికి ఏమాత్రం బాగుండదు. అక్కడక్కడా గాజు కనిపిస్తూ మచ్చలు మచ్చలుగా ఉంటుంది. ఉండనివ్వండి. ఆ మచ్చలను వెంటనే కప్పాలని మందంగా అద్దడం వల్లనే తర్వాత పొక్కులు వస్తాయి. గంట నుంచి రెండు గంటలు ఆరాక రెండో పూత, అలాగే అవసరమైతే మూడోది వేయండి. ఒక మందపాటి పూతకన్నా మూడు పలుచని పూతలు ఎప్పుడూ గట్టివి. చివరి పూత తర్వాత 24 గంటలు ముట్టుకోకుండా ఉంచాలి.

మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి వీచే మధ్యాహ్నం వేళ రంగు స్పాంజి మీదే ఎండిపోయి ఉండలు కడుతుంది. ఉదయం ఎండెక్కక ముందు, ఫ్యాను ఆపి చేసుకుంటే పని సాఫీగా సాగుతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ముసురు పట్టినప్పుడు దీనికి విరుద్ధంగా, పైకి ఆరినట్టు కనబడినా లోపల పచ్చిగానే ఉంటుంది. అప్పుడు పైన చెప్పిన సమయాలను రెట్టింపు చేసుకోండి.

గోరు పరీక్ష ఒకటి చేసి చూడండి. 24 గంటల తర్వాత అడుగు దగ్గర, ఎవరికీ కనబడని చోట గోరుతో తేలికగా గీయండి. గీత మాత్రమే పడితే ముందుకు పోవచ్చు. పొరగా లేచి వస్తే కింద జిడ్డు మిగిలిందని అర్థం. అలాంటప్పుడు పైన ఇంకా పూతలు వేయడం వృథా, గోరువెచ్చటి నీటిలో నానబెట్టి ఆ పూతనంతా తీసేసి మళ్లీ కడగడమే మార్గం.

సీసా మీద ముగ్గు

అలంకరణల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. మన ఇళ్లలో చేయి ముందే అలవాటు పడి ఉన్న విద్య ఇది. ఇటుక రంగు నేల మీద తెల్లటి ముగ్గు గీసినట్టుగా వేస్తే సంక్రాంతి నాటి వాకిలి కళ వస్తుంది. ఎరుపు, కొద్దిగా పసుపు, చిటికెడు నలుపు కలిపితే ఇటుక రంగు వస్తుంది. నలుపును చివర, చుక్క చుక్కగానే కలపాలి. తెల్ల పూత మీద ఈ రంగును రెండుసార్లు అద్ది ఆరనివ్వండి.

నేల మీద ముగ్గుకూ, సీసా మీద ముగ్గుకూ ఒక్క తేడా ఉంది. నేల మీద ముగ్గుకు మొదలూ చివరా ఉంటాయి. సీసా మీద గీసిన వరుస చుట్టూ తిరిగి వచ్చి మొదటి చుక్కనే కలవాలి. అంచనాగా చుక్కలు పెడుతూ పోతే చివరి చుక్కకూ మొదటి చుక్కకూ మధ్య చోటు చాలకనో, ఎక్కువయ్యో ముగ్గు అక్కడ చెడిపోతుంది. దీనికి సులువైన ఉపాయం ఉంది. కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, సీసా చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు కొసలు కలిసే చోట కత్తిరించండి. ఆ పట్టీని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిస్తే 8 సమాన భాగాలవుతాయి, ఇంకోసారి మడిస్తే 16. మడతల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పట్టీని తిరిగి సీసాకు చుట్టి, ప్రతి గుర్తు దగ్గరా రంగు మీద సన్నని చుక్క పెట్టండి. పట్టీని కిందికి జరుపుతూ ఇదే పని చేస్తే రెండో వరుస, మూడో వరుస చుక్కలు ఒకదాని కింద ఒకటి నిలువుగా వస్తాయి. సందు చుక్కలు కావాలంటే పట్టీని సగం మడత మేర పక్కకు జరపండి.

గీతకు కుంచె వద్దు. గోరింటాకు కోన్ పట్టడం వచ్చినవారికి త్రీడీ లైనర్ అనే పేరుతో దొరికే రంగు గొట్టం బాగా నప్పుతుంది. మొదట కాగితం మీద రెండు గీతలు గీసి లోపలి గాలి పోనివ్వండి, లేకపోతే సీసా మీద బుడగ పగిలి చిమ్ముతుంది. గొట్టపు మొనను సీసాకు ఆనించకుండా, వెంట్రుక వాసి ఎత్తున ఉంచి, రంగు దారంలా జారుతుండగా చేతిని నడిపించాలి. మొన ఆనిస్తే గీత గీరుకున్నట్టు పలుచనవుతుంది, మరీ ఎత్తితే వంకర్లు పోతుంది. చుక్క పెట్టేటప్పుడు నొక్కి, నొక్కు వదిలి, ఆ తర్వాతే నిట్టనిలువుగా ఎత్తండి. నొక్కుతూనే ఎత్తితే చుక్కకు తోక వస్తుంది. ఒకవేళ వచ్చినా ఆందోళన వద్దు, తడి సూది మొనతో తోకను చుక్కలోకి ఒత్తేయవచ్చు. తప్పు పడిన గీతను తడిగా ఉండగానే తడి దూదిపుల్లతో తుడవండి, ఆరితే తుడవడానికి వీలుండదు.

సీసాను బల్ల మీద నిలబెట్టి గీయడం కన్నా, తువ్వాలును రెండు మడతలుగా చుట్టి మధ్య గాడి చేసి, అందులో పడుకోబెట్టి గీయడం తేలిక. కుడిచేతి వాటం వారు ఎడమ నుంచి కుడికి పోవాలి. కనిపించే వైపు మూడో వంతు పూర్తి చేసి, ముప్పావుగంట ఆరనిచ్చి, ఆ తర్వాత తిప్పండి. ఒక్క విడతలో పూర్తి చేయాలనుకుంటే చివర్లో చేయి తగిలి చెరిగిపోవడం ఖాయం.

మొదటిసారి మెలికల ముగ్గు జోలికి పోకండి. గడప మీద వేసే తీగ, చిన్న పద్మాలు, రెండు గీతల మధ్య చుక్కలు సీసాకు చక్కగా అమరుతాయి. సీసా మెడ దగ్గర వంపు తిరిగే చోట చుక్కలు దగ్గరపడతాయి కాబట్టి ముగ్గును నిటారు భాగంలోనే ఆపి, వంపు మీద ఒక సాదా గీత గీసి ఊరుకోవడం మంచిది.

చీర అంచు, కలంకారీ ముక్క, పురికొస

ఇంట్లో చిరిగిపోయిన మంగళగిరి నూలు చీర ఉంటే దాని అంచు సీసాకు సిద్ధంగా ఉన్న నగ. సన్నటి కోణాల వరుసతో వచ్చే నిజాం అంచు మరీ బాగుంటుంది. అంచును ముందు ఉతికి గంజి పూర్తిగా పోగొట్టండి, గంజి ఉన్న గుడ్డను జిగురు సరిగా పట్టదు. ఇస్త్రీ చేసి, సీసా చుట్టుకొలతకు ఒక సెంటీమీటరు ఎక్కువగా కత్తిరించి, కత్తిరించిన కొసలకు కొద్దిగా ఫెవికాల్ రాసి ఆరనిస్తే పోగులు ఊడవు. జిగురును గుడ్డకు కాకుండా సీసాకు పలుచగా పూసి, గుడ్డను లాగకుండా పరుస్తూ చుట్టాలి. లాగి అతికించిన నూలు ఆరాక దగ్గరకు ముడుచుకుని అతుకు దగ్గర విడిపోతుంది. అతుకు సీసా వెనుక వైపు వచ్చేలా చూసుకోండి.

మచిలీపట్నం పక్కనున్న పెడన కలంకారీ ముక్కలైతే ఇంకో జాగ్రత్త అవసరం. తడి దూదిని గుడ్డ మూలన ఒక నిమిషం ఒత్తి చూడండి. దూదికి రంగు అంటితే జిగురు తడికి కూడా ఆ రంగు పాకుతుంది. ఉప్పు వేసిన చన్నీటిలో ఒకటి రెండుసార్లు జాడించి, ఆరాక మళ్లీ పరీక్షించి వాడండి. కొత్త గుడ్డ కొననవసరం లేదు. రవికలు కుట్టే దర్జీని అడిగితే మిగిలిన పీలికలు ఇస్తారు. సీసాకు కావలసింది జానెడు ముక్కే.

పురికొస చుట్టడం అన్నిటికన్నా సులువు. అడుగు నుంచి మొదలుపెట్టి, రెండు అంగుళాల మేర మాత్రమే జిగురు పూస్తూ, ఒక వరుస మీద ఇంకో వరుస ఎక్కకుండా ఆనుకునేలా చుట్టుకుంటూ పైకి రండి. మొదటి కొసను మొదటి వరుస కిందే దాచేయండి. గ్లూ గన్‌తో అతికిస్తే పని త్వరగా అవుతుంది కానీ నున్నటి గాజును ఆ జిగురు గట్టిగా పట్టుకోదు, ఎండ తగిలే కిటికీలో పెడితే మరీ త్వరగా వదులుతుంది. నెమ్మదిగా ఆరే ఫెవికాల్ వాడి, ఆరేదాకా రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచండి.

పూల బొమ్మలున్న కాగితపు న్యాప్‌కిన్లతో అతికించే పద్ధతి కూడా ఉంది. న్యాప్‌కిన్‌లో రెండు మూడు పొరలుంటాయి, బొమ్మ ఉన్న పైపొరను మాత్రమే వేరుచేసి తెల్ల పూత మీద అతికించాలి. జిగురు పూసి, న్యాప్‌కిన్‌ను ఆనించి, మధ్య నుంచి అంచులకు మెత్తటి కుంచెతో ఒత్తుతూ పోతే ముడతలు తక్కువ వస్తాయి.

దీపం పెట్టే సీసా

కార్తిక మాసంలో, దీపావళికి రంగు గాజు సీసాల వెలుగు ఎంతో అందంగా ఉంటుంది. దీనికి తెల్ల పూత, ఉప్పు కాగితం రెండూ వద్దు. శుభ్రం చేసి స్పిరిట్‌తో తుడిచిన సీసా మీద గ్లాస్ లైనర్‌తో గీతలు గీసి, ప్రతి గడీ నాలుగు వైపులా మూసుకునేలా చూసుకుని, పూర్తిగా ఆరాక ఒక్కో గడిలో గాజు రంగును చుక్కలుగా వదిలి, కుంచె కొసతో అంచులకు తోయాలి. గీతలో ఆవగింజంత సందున్నా పక్క రంగు అందులోకి వస్తుంది. సీసాను పడుకోబెట్టి పైన ఉన్న ముఖాన్ని మాత్రమే నింపి, అది కదలకుండా ఆరిన తర్వాతే తిప్పండి. నిలబెట్టి నింపితే రంగంతా గడి అడుగుకు జారుతుంది. ద్రావకంతో చేసిన గాజు రంగులకు ఘాటైన వాసన, త్వరగా అంటుకునే గుణం రెండూ ఉంటాయి కాబట్టి వాటిని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా వాడండి.

లోపల బ్యాటరీతో వెలిగే చిన్న ఎల్ఈడీ దండను పెట్టడమే అన్ని విధాలా క్షేమం. నిజమైన జ్వాలే కావాలనుకుంటే మూతి వెడల్పుగా ఉన్న మందపాటి సీసానే తీసుకుని, అడుగున ఒక అంగుళం మందాన పొడి ఇసుక పోసి, దాని మధ్యలో చిన్న టీలైట్ కొవ్వొత్తిని పెట్టండి. జ్వాల పక్క గాజుకు తగలకూడదు, వెలుగుతుండగా మూత పెట్టకూడదు. సీసా మూతి చుట్టూ రిబ్బను గానీ పురికొస గానీ ఉండకూడదు. లోపలి వైపు ఏ రంగూ వేయకూడదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వెలుగుతూ వదిలేయవద్దు.

దారానికి కిరోసిన్ తడిపి, సీసాకు చుట్టి, వెలిగించి, చన్నీటిలో ముంచి సీసాను రెండుగా కోసే పద్ధతిని చాలామంది చూపిస్తుంటారు. ఇంట్లో దాన్ని చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. గీత అనుకున్న చోట రాదు, అంచు కత్తిలా మిగులుతుంది, నిప్పూ పగిలే గాజూ ఒకేసారి చేతిలో ఉంటాయి.

మూత, పై పూత, ఆ తర్వాతి సంరక్షణ

రేకు మూత మీద అక్షరాలు కనబడకుండా ఉండాలంటే ఉప్పు కాగితంతో మెరుపు పోయేలా రుద్ది, తెల్ల పూత, ఆపై రంగు వేయండి. మరలున్న అంచు లోపలికి రంగు పోనివ్వకండి, మూత బిగుసుకుపోతుంది.

రంగు, గుడ్డ, కాగితం ఏదైనా 24 గంటలు ఆరిన తర్వాత నీటితో పనిచేసే అక్రిలిక్ వార్నిష్‌ను పలుచగా రెండుసార్లు పూయండి. నిగనిగలాడే రకం ముగ్గు సీసాలకు నప్పదు, మెరుపు లేని మ్యాట్ రకం మట్టి వన్నెను నిలుపుతుంది. స్ప్రే వార్నిష్ వాడేవారు ముసురు రోజుల్లో ఆగడం మంచిది. గాలిలో తేమ ఎక్కువైతే అది తెల్లగా మసకబారుతుంది. చేతికి ఆరినట్టే తగిలినా గాజు మీది అక్రిలిక్ పూత లోపలి దాకా గట్టిపడటానికి సుమారు మూడు వారాలు పడుతుంది. అంతవరకు సీసాను తడపకుండా, రెండు సీసాలను ఆనించి పెట్టకుండా, పాత పేపరులో చుట్టి కట్టకుండా ఉండండి. పెళ్లికో, గృహప్రవేశానికో కానుకగా ఇవ్వాలనుకునేవారు ఈ మూడు వారాలను ముందే లెక్క వేసుకుని మొదలుపెట్టాలి.

ఆ తర్వాత కూడా నానబెట్టడం, పీచుతో తోమడం కూడదు. లోపలి వైపును సబ్బు నీళ్లతో కడిగి, బయట తడి గుడ్డతో తుడిస్తే చాలు. మనీప్లాంట్ పెట్టిన సీసాలో నీటిని వారానికి ఒకసారి తప్పకుండా మార్చండి, మార్చేటప్పుడు లోపలి గోడలను కూడా రుద్దండి. డెంగీని మోసే దోమ నిలవ నీటి అంచున గుడ్లు పెడుతుంది, అవి వారం పది రోజుల్లో దోమలవుతాయి. రంగు వేసిన సీసాలో నీటి పురుగులు బయటికి కనబడవు కాబట్టి ఈ నియమం సాదా సీసాకన్నా దీనికే ఎక్కువ అవసరం.

ఎక్కడైనా చిన్న పెచ్చు లేస్తే దాని చుట్టూ వదులైన రంగును గోరుతో తీసేసి, గాజును స్పిరిట్‌తో తుడిచి, తెల్ల పూత నుంచి మళ్లీ మొదలుపెట్టి ఆ మేరకే దిద్దుకోవచ్చు. అరచేయంత చోట లేచిపోయిందంటే దిద్దుబాటు నిలవదు. సీసాను గోరువెచ్చటి సబ్బు నీటిలో ఒక రాత్రి ఉంచితే పూతంతా మెత్తబడి వచ్చేస్తుంది, సీసా మళ్లీ కొత్త పనికి సిద్ధమవుతుంది. పగిలిన సీసా ముక్కలను మాత్రం విడిగా చెత్తబుట్టలో వేయకండి. మందంగా వార్తాపత్రిక చుట్టి, పైన పెద్ద అక్షరాలతో గాజు అని రాసి, పారిశుద్ధ్య కార్మికుల చేతికి చెప్పి ఇవ్వండి.